రొద ఆగిన చోటు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. నా కూతురు అడుగు వేసిన చోట కింద నేల లేకపోవడం.

మాటవరసకు అంటున్నది కాదిది. మా కోరిన్‌వేల్ చుట్టూ ఉన్న అడవిలో చాలాచోట్ల నిజంగానే నేల ఉండదు. నూటడెబ్బై ఏళ్ళ కిందట బంగారం కోసం ఎగబడ్డవాళ్ళు మనిషి దిగేంత గోతులు వందలకొద్దీ తవ్వారు. దొరికినవాళ్ళు దొరికినదాంతో, దొరకనివాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. పూడ్చి వెళ్ళిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. కొన్నిటి మీద ఎవరో రేకులు కప్పారు. కొన్నిటి మీద దుంగలు పరిచారు. మిగతావాటి మీద ఆకులు వాటంతట అవే పడ్డాయి.

నా భయం మా ఇంట్లో పెద్ద వేడుక. "బ్రీ కుర్చీలో కూర్చునే ముందు కూడా కాలితో నేల తట్టి చూసుకుంటుంది" అని మా మామ మెర్వ్ పాస్కో క్లబ్బులో చెప్పి అందరినీ నవ్వించేవాడు. అందరూ అంటే పద్నాలుగు మంది. కోరిన్‌వేల్ నాణేల వేట క్లబ్బులో మొత్తం సభ్యులు అంతే. అందులో వంగి తవ్వగలిగినవాళ్ళు ఐదుగురు. మెర్వ్ పందొమ్మిదేళ్ళుగా దానికి అధ్యక్షుడు. పోటీకి ఇంకెవరూ నిలబడలేదు కాబట్టి ప్రతి ఏడూ ఏకగ్రీవమే. ఆ మాట మాత్రం అతను ఎన్నికల్లో గెలిచినట్టు చెప్పేవాడు.

నేను చెప్పబోయేది మొన్నటి శరత్కాలం సంగతి. భూమికి దక్షిణపు కొసన ఉన్న మాకు శరత్తు మార్చిలోనే వస్తుంది. మార్చిలో మొదటి వాన పడి నేల మెత్తబడినప్పటి నుంచి ఈస్టర్ దాకా, ఐదు వారాలు. మా వైపు ఎండాకాలంలో నేల పెంకులా ఉంటుంది, పార దిగదు. వాన పడగానే మగవాళ్ళందరూ నేలలో లోహాన్ని పసిగట్టే డిటెక్టర్లు తుడుచుకుని బయల్దేరతారు. చెవులకు హెడ్‌ఫోన్లు, నడుముకు సంచి, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర గుండ్రటి పళ్ళెం. ఇంట్లో ఎవరు పిలిచినా వినిపించకూడదంటే దీన్ని మించిన ఏర్పాటు ఇంకోటి లేదు.

ఆ ఏడు మెర్వ్‌తో పాటు మా ఆయన డేన్ కూడా కొత్త యంత్రం కొన్నాడు. కొన్నవాడు డేన్, పెట్టె విప్పింది మెర్వ్. మేముండేది మెర్వ్ ఇంట్లోనే. నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి, కడుపుతో ఆ ఇంటికి వచ్చాను. అప్పటి నుంచి ఆ ఇంట్లో పెట్టెలన్నీ మెర్వే విప్పుతున్నాడు.

ఆదివారం పొద్దున వంటింటి బల్ల మీద యంత్రం పెట్టి క్లాసు మొదలుపెట్టాడు. నేను నా కూతురు మార్నీకి రొట్టె ముక్కలు కోస్తున్నాను. మార్నీకి నాలుగేళ్ళు. తాత ఏం చేసినా నోరు తెరుచుకుని చూస్తుంది.

మెర్వ్ చెప్పింది ఇదీ. నేలలో ఉన్న ప్రతి లోహానికీ యంత్రం ఒక అంకె చూపిస్తుంది, ఒక కూత కూస్తుంది. మేకుకు ఒకటి, రాగి పెన్నీకి ఒకటి, వెండి ఫ్లోరిన్‌కి ఒకటి. ఊరికే వదిలేస్తే మేకుకూ తీగముక్కకూ కూసి చంపుతుంది. కాబట్టి ఏది వద్దో దానికి ముందే చెప్పాలి. ఇనుము వద్దు అన్నాడు, ఒక మీట నొక్కాడు. బీరు డబ్బాల రింగులు వద్దు అన్నాడు, ఇంకోటి నొక్కాడు. నేల ఎర్రది, దానిలోనే ఇనుప రజను ఉంటుంది కాబట్టి చురుకుదనం తగ్గించాలి అన్నాడు, తగ్గించాడు. ఆఖరున, యంత్రం ఏమీ దొరకనప్పుడు కూడా దోమలా ఝుమ్మని సన్నగా రొద చేస్తూ ఉంటుందట. దాన్ని పూర్తిగా సున్నాకి తిప్పేశాడు.

"ఈ రొద చేతగానివాళ్ళకి," అన్నాడు. "నా యంత్రం నోరు మూసుకుని ఉంటుంది. వెండి కనబడితేనే నోరు తెరుస్తుంది. ఆడదైనా యంత్రమైనా అలాగే ఉండాలి."

డేన్ నవ్వాడు. పెద్దగా కాదు, తండ్రికి సరిపోయినంత.

నేను ఊరుకుని ఉండాల్సింది. అడిగాను. "వద్దన్న వస్తువు మీదుగా పోయినప్పుడు అదేం చేస్తుంది?"

"నోరు మూసుకుంటుంది."

"ఏమీ లేని చోట?"

"అప్పుడూ నోరు మూసుకుంటుంది."

"మరి కింద ఏదో ఉందో, ఏమీ లేదో తేడా ఎలా తెలుస్తుంది?"

మెర్వ్ నా వైపు చూడలేదు, కొడుకు వైపు చూశాడు. "నీ పెళ్ళాం బడి ఎందుకు మానేసిందో ఇవాళ అర్థమైంది నాకు."

ఈసారి డేన్ నవ్వలేదు. కానీ ఏమీ అనలేదు కూడా. అతని సంగతి అంతే. పశువుల కబేళాలో రోజుకు రెండు వందల గొర్రెల చర్మం ఒలిచే మనిషి, తండ్రి ముందు మాత్రం అతని వేళ్ళు బల్ల అంచు గోకుతూ ఉంటాయి.

మధ్యాహ్నానికి మెర్వ్ ఆ సెట్టింగులన్నీ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ తొడిగించి, ఫ్రిజ్ మీద అంటించాడు. దానికి చోటు కోసం మార్నీ టీకాల కాగితం కిందికి జరిపాడు. క్లబ్బులో పద్నాలుగు మందికీ పద్నాలుగు అట్టలు ఇచ్చాడు. అప్పటి నుంచి కోరిన్‌వేల్ చుట్టుపక్కల యంత్రాలన్నీ ఒకే రకంగా నోరు మూసుకున్నాయి.

డేన్ పాత యంత్రం మూలన పడి ఉండేది. దాని హెడ్‌ఫోన్ల రంధ్రం విరిగిపోయింది, అందుకని పైకే కూస్తుంది. మెర్వ్ దాన్ని చెత్తలో వేయబోతుంటే నేను తీసుకున్నాను. నాకు నాణేల పిచ్చి ఏమీ లేదు. పొద్దున బేకరీలో పని అయ్యాక ఆ ఇంట్లో ఉండటం కన్నా ఇంకో చోట ఉండటం మేలనిపించేది, అంతే.

ఊరి మధ్యలో పాత క్రికెట్ మైదానం ఉంది. గడ్డి, కంచె, కింద గోతులు లేవు. అక్కడికి వెళ్ళేదాన్ని మార్నీని తీసుకుని. అంత భద్రమైన చోట కూడా నా పాత స్నానపు గౌను నాడాతో దాని నడుముకూ నా బెల్టుకూ ముడి వేసేదాన్ని. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "కుక్కని షికారుకి తెచ్చావా బ్రీ?" అని క్లబ్బు కార్యదర్శి గ్లెనిస్ ఒకసారి కారు అద్దం దించి మరీ అడిగింది.

ఇనుము వద్దన్న మీట డేన్ ఎలా పెట్టాడో అలాగే ఉంచేశాను. రొద మాత్రం పెంచాను. మెర్వ్ మీద పంతానికి కాదు. నాకు నిశ్శబ్దం పడదు. మార్నీ పసిగుడ్డుగా ఉన్నప్పుడు పక్క గదిలో అది ఏడుస్తుంటే నేను నిదానంగానే లేచేదాన్ని. చప్పుడు ఆగిపోతేనే పరిగెత్తేదాన్ని. ఏ తల్లినైనా అడగండి. సందడిగా ఉన్న గదిలో పిల్ల క్షేమం. ఏ శబ్దమూ రాని గదిలోనే సబ్బు నీళ్ళు తాగుతూనో, ప్లగ్గులో వేలు పెడుతూనో ఉంటుంది.

అలా రొద పెట్టుకుని నడుస్తుంటే రెండు రోజుల్లో నాకు తెలిసివచ్చింది. ఖాళీ నేల మీద రొద సాగుతూనే ఉంటుంది. మేకు మీదుగా పోయినప్పుడు యంత్రం కూయదు నిజమే, వద్దన్నారు కదా. కానీ ఆ క్షణం రొద తెగుతుంది. దాటగానే మళ్ళీ అందుకుంటుంది. అంటే అది చెప్పకుండా ఉండటం కూడా ఒక చెప్పడమే. మెర్వ్ ఆ రొదను సున్నా చేసి, మేకునీ మట్టినీ ఒకే మౌనంలో కలిపేశాడు. పందొమ్మిదేళ్ళ అధ్యక్షుడు.

బీరు డబ్బాల రింగులు వద్దన్న మీట నా పాత యంత్రంలో పనిచేయదు. కాబట్టి ప్రతి రింగూ తవ్వాను. తవ్వినవన్నీ మార్నీ డబ్బాలో వేసి గలగలలాడించేది. మూడో వారం, పాత ప్రేక్షకుల చావడి ఉండిన చోట, రింగు అంకే చూపిస్తూ ఇంకోటి కూసింది. తవ్వితే అర సవరను బయటపడింది. వేలిగోరంత బంగారం, మీద రాణి తల, నిన్న దులిపినంత శుభ్రంగా.

మెర్వ్ దాన్ని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఆ మైదానం తను ఇరవై ఏళ్ళు తిరిగాడు. చిన్న బంగారు నాణేనికీ బీరు రింగుకీ యంత్రంలో దాదాపు ఒకే అంకె అని అతనికి తెలియదా అంటే, తెలుసు. ఎవరైనా అడిగితే పుస్తకంలో పేజీతో సహా చెబుతాడు. కానీ రింగులకి వంగడం నామోషీ.

"నా అట్ట ప్రకారం ఇది అక్కడ ఉండటానికి వీల్లేదు," అన్నాడు చివరికి.

దాన్ని నాకు తిరిగి ఇవ్వలేదు. హాల్లో అద్దాల పెట్టెలో పెట్టి, కింద 'పాస్కో సేకరణ' అని చీటీ అంటించాడు. నా ఇంటిపేరూ ఇప్పుడు పాస్కోయే కాబట్టి అబద్ధం అనడానికి లేదు. డేన్‌తో చెబితే, పోనీలే, ఇంట్లోనే ఉంది కదా అన్నాడు.

ఈస్టర్ ఆదివారం మా క్లబ్బు పిల్లలకు నాణేల వేట పెడుతుంది. ముందురోజు పెద్దవాళ్ళు మైదానమంతా నాణేలు పాతిపెడతారు. మర్నాడు పొద్దున పిల్లల చేతికి చిన్న యంత్రాలు ఇచ్చి గీత మీద నిలబెట్టి ఈల వేస్తారు. చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ళ నుంచి నలభై మంది దాకా వస్తారు. ఈల మోగాక ఏ పిల్లా నడవదు. అందరిదీ పరుగే.

ప్రతి ఏడూ అది క్రికెట్ మైదానంలోనే జరుగుతుంది. ఈసారి అక్కడ కొత్త గడ్డి విత్తారు, జూన్ దాకా ఎవరూ కాలు పెట్టకూడదని బోర్డు పెట్టారు. క్లబ్బు మీటింగులో మెర్వ్ లేచి, ఊరి చివర ప్రార్థనామందిరం బాట పక్కన పాత బడి స్థలం ఉందిగా అన్నాడు. వెనకంతా అడవే. నేను అక్కడ టీ కప్పులు అందిస్తున్నాను. పళ్ళెం పట్టుకునే అతని ముందుకొచ్చాను.

అక్కడ గోతులు లేవని ఎలా తెలుసు అని అడిగాను. మెర్వ్ ఓపిగ్గా నవ్వాడు. అక్కడ బడి కట్టారంటేనే ముందు గోతులు పూడ్చి ఉంటారట. పైగా తను ఆ నేలంతా అంగుళం వదలకుండా వెతికాడట. "పిల్లలకి అంతకన్నా శుభ్రమైన చోటు దొరకదు. ఒక్క మేకు చప్పుడు కూడా లేదక్కడ."

ఆ బడి నా చిన్నప్పుడు అడవి మంటల్లో కాలిపోయింది. చెక్క బడి. కాలిన చెక్కతో పాటు మేకులు కూడా బూడిదవుతాయా? అదే అడిగాను, కొంచెం నెమ్మదిగా. "బడి మేకులన్నీ ఏమయ్యాయి మెర్వ్?"

ఎవరో దగ్గారు. గ్లెనిస్ నా చేతిలో పళ్ళెం తీసుకుంది. "నీ టీ చల్లారిపోతోంది బ్రీ," అంది. తీర్మానం ఏకగ్రీవం.

ఆ గదిలో ఉన్న పద్నాలుగు మంది మీదా నాకు రోత పుట్టింది. కానీ అందరికన్నా ఎక్కువ రోత నా మీదే. కప్పులు కడిగేశాను. తుడిచి పెట్టేశాను కూడా.

శనివారం నాకు బేకరీలో తెల్లవారుజాము నుంచి రెండింటి దాకా పని. ఈస్టర్ రొట్టెలకి ఊరంతా వరసలో నిలబడి ఉంది. బయల్దేరే ముందు డేన్‌కి మూడుసార్లు చెప్పాను, మార్నీని అటువైపు పంపొద్దని. మూడుసార్లూ సరేనన్నాడు.

నేను వచ్చేసరికి మార్నీ వంటింటి మెట్ల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళకు నల్లటి మట్టి. ముఖం వెలిగిపోతోంది.

డేన్ నా చూపు తప్పించాడు. "నాన్నతోనే కదా వెళ్ళింది," అన్నాడు.

ఆ మాటకు ఇవ్వాల్సిన జవాబు ఇవ్వడానికి నోరు తెరిచాను. ఇంతలో మార్నీ నా గౌను పట్టుకుని లాగింది. దానికో రహస్యం ఉంది. నా చెవిలో చెప్పింది, వీధి చివరికి వినిపించేంత గట్టిగా. తాతా తనూ కలిసి పెద్ద నాణెం దాచారట. అన్నిటికన్నా పెద్దది, వెండి క్రౌను. ఎక్కడుందో తమ ఇద్దరికే తెలుసట. రేపు ఈల మోగగానే అటూ ఇటూ చూడకుండా సూటిగా అక్కడికే పరిగెత్తాలట, అందరికన్నా ముందు. తాత చెప్పాడు.

మెర్వ్ తలుపు దగ్గర నిలబడి కన్ను గీటాడు. ఊరి పిల్లలందరినీ మోసం చేసి మనవరాలికి బహుమతి ఇప్పించబోతున్నాడు, దానికి నేను మురిసిపోవాలి.

"ఎక్కడ పాతారు?" అన్నాను.

"మెత్త మట్టిలో," అంది మార్నీ. "కేకులా ఉంది అమ్మా. నేను చేత్తోనే తవ్వాను."

"నా మోకాళ్ళకి ఆ ఒక్క చోటే హాయిగా ఉంది," అన్నాడు మెర్వ్. "మిగతాదంతా రాయి."

మా ఊరి నేల గురించి తెలియనివాళ్ళకు ఆ మాటలో ఏమీ వినిపించదు. ఇక్కడ నేల మెత్తగా ఉండదు. వాన పడ్డాక కూడా రెండంగుళాలు పార దిగుతుంది, ఆ కింద తెల్ల రాయి, ఎర్ర గట్టి మన్ను. చెయ్యి దిగేంత నల్ల మట్టి ఉందంటే అది ఎక్కడి నుంచో వచ్చి అక్కడ చేరిందన్నమాట. చేరడానికి కింద ఒక పళ్ళెం లాంటిది ఏదో ఉందన్నమాట.

నేను పని బట్టలు మార్చుకోలేదు. పాత యంత్రం తీసుకున్నాను, గౌను నాడా తీసుకున్నాను, మార్నీని ఆ చోటు చూపించమన్నాను. డేన్ బండి తీశాడు. మెర్వ్‌కి ఒళ్ళు మండిపోయింది. తన కొత్త యంత్రం వేసుకుని, తన తెల్ల బండిలో మా వెనకే వచ్చాడు, నాకు బుద్ధి చెప్పడానికి.

పాత బడి స్థలం మధ్యాహ్నపు ఎండలో చాలా ముచ్చటగా ఉంది. రంగు కాగితాల తోరణాలు కట్టారు. పిల్లలు నిలబడాల్సిన తెల్ల గీత గీశారు. నేను ఆ గీత దగ్గరే యంత్రం ఆన్ చేసి రొద పెంచాను. మార్నీని నడుముకు కట్టుకుని నడిచాను.

నాలుగడుగులు వేశానో లేదో రొద తెగడం మొదలైంది. తెగింది, అందుకుంది. మళ్ళీ తెగింది. వెక్కిళ్ళు వచ్చినట్టు. ఒక్క మేకు కూడా లేదన్న నేలలో అడుగడుక్కీ బడి మేకులే. నేను వెనక్కి తిరిగి మెర్వ్‌ని చూశాను. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి అతనికి ఏమీ వినిపించడం లేదు.

అడవి అంచు దగ్గరికి వచ్చాం. "అదిగో అమ్మా, తాత పుల్ల," అంది మార్నీ. ముందు ఓ ఐదడుగుల దూరంలో గుర్తుగా గుచ్చిన పుల్ల ఉంది. మార్నీ అటు వెళ్ళాలని నాడాని లాగుతోంది.

అప్పుడు రొద ఆగింది. యంత్రం ఒక అడుగు ముందుకు చాచాను, రొద తిరిగి రాలేదు. పళ్ళెం ఎడమకి తిప్పాను, రాలేదు. కుడికి తిప్పాను. మేకైతే ఈపాటికి దాటేసి ఉండాలి. యంత్రం చచ్చిపోయినట్టుంది. నాడా చేతికి చుట్టుకుని మార్నీని నా కాళ్ళ దగ్గరికి లాక్కున్నాను. ఎందుకు అని అడిగింది.

మెర్వ్ వచ్చి నా పక్కన నిలబడి, చెయ్యి చాచి తన యంత్రం ఆ చోటి మీద అటూ ఇటూ ఊపాడు.

"చూశావా? ఏమీ లేదు."

"రొద పెంచు."

"ఏంటీ?"

నేను అతని చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకి లాగి మళ్ళీ చెప్పాను. "రొద పెంచు మెర్వ్."

అతను పెంచలేదు. పెంచినవాడు డేన్. వెనక నుంచి వచ్చి, తండ్రి చేతిలోని యంత్రం మీద మీట నొక్కాడు. ఒకసారి కాదు, అది పైకి పోయినంత దూరం నొక్కాడు.

మెర్వ్ చెవుల్లో ఏం వినిపించిందో మాకు తెలియదు. ముఖం మాత్రం కనిపించింది. మెర్వ్ యంత్రాన్ని మెల్లగా పక్కకి జరిపాడు, చాలా దూరం. ఒకచోట ఆగి బూటు మడమతో నేల మీద గీశాడు. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. ఇంకో గీత. అలా పుల్ల చుట్టూ, గట్టి నేల మీదే నడుస్తూ గీసుకుంటూ వచ్చాడు. మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి నేల మీద ఇద్దరు పడుకునే మంచమంత ఆకారం ఉంది. నాలుగు మూలలూ సూటిగా ఉన్నాయి. అడవి దేనికీ మూలలు పెట్టదు.

హెడ్‌ఫోన్లు తీసి మెడకు వేసుకున్నాడు.

డేన్ బండిలోంచి ఆకులు ఊడ్చే దంతె తెచ్చి, గీత బయట బోర్లా పడుకుని, చెయ్యి చాచి ఆకులూ మట్టీ కొంచెం లాగాడు. తుప్పు పట్టిన రేకు. బిస్కెట్టులా పొరలు పొరలుగా లేచివచ్చింది. అంచు దగ్గర పళ్ళెమంత కన్నం పడింది, అందులోంచి చల్లగాలి తగిలింది. డేన్ చేతికి దొరికిన రాయి అందులో వేశాడు. నలుగురం చూస్తూ నిలబడ్డాం.

"పడిందా?" అంది మార్నీ.

ఇంకా పడలేదు. ఆ తర్వాత ఎక్కడో నీళ్ళ చప్పుడు అయింది.

నేను పుల్ల వైపు చూస్తున్నాను. దాని ముందు నల్ల మట్టిలో రెండు పెద్ద మోకాళ్ళ గుర్తులు. వాటి పక్కనే రెండు చిన్నవి.

మెర్వ్ కూడా వాటినే చూస్తున్నాడని నాకు తెలుసు. "క్రౌను అక్కడే ఉండిపోయింది," అన్నాడు. బండి దాకా మార్నీని ఎత్తుకుని నడిచింది డేన్. నాడా నా బెల్టుకే ఉంది కాబట్టి, అతని వెనక నేనూ అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాను.

మర్నాడు వేట ఫుట్‌బాల్ మైదానంలో జరిగింది. మెర్వ్ క్లబ్బుకి చెప్పిన కారణం, పాత బడి దగ్గర నేల తడిగా ఉందని. అంతకన్నా నిజం చెప్పే ధైర్యం పందొమ్మిదేళ్ళ అధ్యక్షుడికి లేకపోయింది. గోతి సంగతి మంగళవారం నేనే ఫోన్ చేసి చెప్పాను. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కంచె వేశారు, లోతు ఎనభై అడుగులు అన్నారు. గ్లెనిస్ నా దగ్గరికి వచ్చి, నాకు ముందే ఏదో అనుమానంగా ఉండేది అంది. నీ టీ చల్లారిపోతోంది అన్నాను.

మెర్వ్ నాకు క్షమాపణ చెప్పలేదు. చెబుతాడని మీరు అనుకుంటే ఆ మనిషిని ఎరగరు. ఆ వారంలోనే ఫ్రిజ్ మీది అట్ట మాయమైంది. చెత్తబుట్టలో టీ ఆకుల కింద కనిపించింది, రెండు ముక్కలుగా. ప్లాస్టిక్ తొడుగు చేత్తో చిరగదు, కత్తెర పెట్టే కత్తిరించాడు. మార్నీ టీకాల కాగితం నేను మళ్ళీ పైకి జరిపాను.

ఇప్పుడు మా ఇంట్లో పెట్టె వస్తే ఎవరిదైతే వాళ్ళు విప్పుకుంటున్నారు. డేన్ అద్దాల పెట్టె తెరిచి, ఎవరినీ అడక్కుండా, అర సవరను తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పుడు కూడా ఏమీ మాట్లాడలేదు. కానీ బల్ల అంచు గోకలేదు.

మెర్వ్ ఒకటి చేశాడు. నా పాత యంత్రం తీసేసుకున్నాడు. అడగలేదు, అడగడం అతని ఒంట్లో లేదు. దాని బదులు తన కొత్తది నా గది తలుపుకు ఆనించి పోయాడు. వాన ఉన్నా లేకపోయినా రోజూ పొద్దున ఫలహారం చేసి, నా పాత యంత్రమూ నారింజ రంగు టేపు చుట్టలూ బండిలో వేసుకుని, ప్రార్థనామందిరం బాట వెంట అడవిలోకి వెళ్తున్నాడు. ఎక్కడికి అంటే నాణేలకి అంటాడు. ఐదు వారాల్లో ఒక్క నాణెమూ తేలేదు. చెట్లకు మాత్రం టేపు కట్టుకుంటూ పోతున్నాడు, నలువైపులా, మధ్యలో ఎవరూ అడుగు వేయకుండా. ఇప్పటికి పదిహేడు గోతులు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి, రేకుల కోసం రేకుల మీదే వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. వెంట ఎవరినీ రానివ్వడు. ఇంతకన్నా బుద్ధితక్కువ పని ఇంకోటి ఉంటుందా?

నాకు అతనంటే ఇప్పటికీ ఇష్టం లేదు. అది మారదు. కానీ నేను బేకరీలో రెండింటి దాకా కదలలేను. డేన్ కబేళాలో ఉంటాడు. మార్నీని తీసుకుని ఆ అడవిలోకి వెళ్ళడం నా వల్ల కాదు. అది రోజూ నాతో వచ్చి, బేకరీ కిటికీ దగ్గర నిలబడి తాత బండి ఎప్పుడొస్తుందని అడుగుతుంది.

అందుకని మీకు ఒక్క మాట. వారం మధ్యలో ఎప్పుడైనా మీరు ప్రార్థనామందిరం బాట మీదుగా వస్తే, పాత బడి కంచె దాటాక ఎడమ వైపు చూడండి. వెనక తలుపు సొట్టపోయిన తెల్ల బండి అతనిదే. మధ్యాహ్నం పన్నెండు లోపల ఆ బండి వెళ్ళిపోవాలి. పన్నెండు దాటాక కూడా అక్కడే ఉంటే, మీ ఇంజన్ ఆపేసి వినండి. నా యంత్రం పైకే మోగుతుంది, దోమలా సన్నగా. మధ్యమధ్య తెగినా ఫరవాలేదు. ఆ రొద వినిపిస్తే మీ దారిన మీరు పోండి, పలకరించకండి. సెట్టింగుల మీద గంట సేపు ఉపన్యాసం ఇస్తాడు.

వినిపించకపోతే మాత్రం, సూటిగా నడవకుండా టేపులు కట్టిన చెట్ల వెంట నడుస్తూ, దయచేసి ఒక్కసారి వెళ్ళి చూడండి.